డాక్టర్ అన్నది వేరు, రోగి విన్నది వేరు: వైద్యులు మాటలు ఎలా ఎంచుకుంటారు?

"నోడ్స్ పాజిటివ్ వచ్చాయండి" అంటారు డాక్టర్. ఎదుటి మనిషి కాస్త ఊపిరి పీల్చుకుంటాడు. బయట ప్రపంచంలో పాజిటివ్ అంటే మంచి కబురే మరి. డాక్టర్ చెప్పింది మాత్రం క్యాన్సర్ లింఫ్ గ్రంథుల దాకా పాకిందని.

2021లో అమెరికాలోని మినెసోటాలో 215 మంది పెద్దవాళ్ళకు ఇలాంటి మాటలు చూపించి అర్థం అడిగారు. స్క్రీనింగ్ పరీక్ష నెగెటివ్ అంటే క్యాన్సర్ లేనట్టేనని 96 శాతం మంది సరిగ్గా చెప్పారు. 'ట్యూమర్ ప్రోగ్రెస్ అవుతోంది' అన్నది చెడ్డ వార్త అని పోల్చుకున్నవాళ్ళు 79 శాతం. నోడ్స్ పాజిటివ్ అంటే వ్యాధి పాకిందని తెలిసినవాళ్ళు 67 శాతమే. 'ఎక్స్‌రే ఇంప్రెసివ్‌గా ఉంది' అన్న మాటలో చెడు దాగి ఉందని అయిదుగురిలో ఒకరికే అర్థమైంది. ఇంగ్లీషులోనే బతికే చోట పరిస్థితి ఇది. ఆ మాటల్నే తెలుగు వాక్యంలో పొదిగి చెబితే విన్నవాళ్ళకు ఎంత దక్కుతుందో ఊహించుకోవచ్చు.

డాక్టర్ మాట సమాచారం చేరవేసి ఊరుకోదు. రోగి చేత నిజం చెప్పిస్తుంది, లేదా నోరు మూయిస్తుంది. ఆపరేషన్ వైపో, ఆగి చూద్దామన్న వైపో మొగ్గేలా చేస్తుంది. ఒక్కోసారి సూది నొప్పిని పెంచుతుంది, తగ్గిస్తుంది. మాటను ఎంచుకోవడమంటే ఈ పనులన్నిటినీ ఒకేసారి తూచుకోవడం. ఒక పనికి అచ్చంగా సరిపోయే మాట ఇంకో పనికి అడ్డొస్తుంది. ఇందులో చిక్కంతా అక్కడే ఉంది.

ప్రశ్న ఎలా అడిగితే జవాబు అలాగే వస్తుంది

1984లో హోవార్డ్ బెక్‌మన్, రిచర్డ్ ఫ్రాంకెల్ అనే ఇద్దరు వైద్య పరిశోధకులు 74 సంప్రదింపులను టేపు చేసి విన్నారు. రోగి తన బాధ చెప్పడం మొదలుపెట్టాక సగటున 18 సెకన్లకే డాక్టర్ అడ్డుపడుతున్నారు. చెప్పాలనుకున్నది పూర్తిగా చెప్పగలిగినవాళ్ళు 23 శాతం. అడ్డుపడటమంటే కసురుకోవడం కాదు. "రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదండీ, కడుపులో మంటగా..." అంటుండగా "మంట ఎప్పటినుంచి?" అని అడగడమే. చూడ్డానికి శ్రద్ధగా అడిగినట్టే ఉంటుంది. కానీ ఆ క్షణం నుంచి సంభాషణ మంట చుట్టూ తిరుగుతుంది. నిద్ర ఎందుకు పట్టట్లేదో, ఇంట్లో ఏమైందో బయటికి రాదు. వచ్చినా చివర్లో, తలుపు దగ్గర నిలబడి "అన్నట్టు డాక్టర్ గారూ..." అంటూ వస్తుంది. తీరా అసలు సంగతి అదే అవుతుంది.

చెప్పనిస్తే గంటలు పడుతుందన్న భయమూ అంత నిజం కాదు. 1999లో వచ్చిన అధ్యయనంలో, మధ్యలో మళ్ళించినవాళ్ళ కంటే పూర్తిగా చెప్పనిచ్చినవాళ్ళు సగటున 6 సెకన్లే ఎక్కువ తీసుకున్నారు.

రెండో మెళకువ ఇంకా చిన్నది. 2007లో జాన్ హెరిటేజ్ అనే పరిశోధకుడి బృందం, ఇంకేమైనా చెప్పాల్సింది ఉందా అన్న ఒకే ప్రశ్నను డాక్టర్ల చేత రెండు రకాలుగా అడిగించింది. ఇంగ్లీషులో ఒకే ఒక్క పదం తేడా. ఒక రూపం జవాబు 'లేదు' అయి ఉంటుందన్న ధ్వనితో, రెండోది 'ఉంది' అయి ఉంటుందన్న ధ్వనితో. రోగులు ఇంటి దగ్గర అనుకుని వచ్చి చెప్పకుండా వెళ్ళిపోయే సమస్యల్లో 78 శాతాన్ని రెండో రూపం తుడిచేసింది. మొదటి రూపంలో అడిగినా, అసలు అడగకపోయినా పెద్ద తేడా లేదు. ఆ లెక్క ఇంగ్లీషుది. అయితే అదే మడత తెలుగులోనూ ఉంది. "ఇంకేం లేదుగా?" అంటే జవాబు "లేదండీ". "ఇంకా ఏం చెప్దామనుకుని వచ్చారు?" అంటే మనిషి ఒక్క క్షణం ఆలోచిస్తాడు. మందులకు రియాక్షన్ గురించి అడిగేటప్పుడు ఈ 'కదా', 'గా' మరీ ప్రమాదం. "ఏ మందూ పడకపోవడం లాంటిదేం లేదు కదా?" అన్న ప్రశ్నకు అలవాటుగా తల ఊగిపోతుంది. "ఏదైనా మందు వాడాక దద్దుర్లు, వాపు, ఆయాసం ఎప్పుడొచ్చాయి?" అని అడిగితే రోగి వెనక్కి వెళ్ళి వెతుక్కుంటాడు.

మందులు మానేసిన సంగతి రాబట్టడంలోనూ ఇంతే. "మందులు సరిగ్గా వేసుకుంటున్నారా?" అన్నది పరీక్షలా వినిపిస్తుంది. పరీక్షలో ఎవరూ తప్పామని ఒప్పుకోరు. "రోజూ గుర్తుపెట్టుకుని వేసుకోవడం చాలామందికి కష్టమే. పోయిన వారంలో మీకెన్నిసార్లు తప్పింది?" అంటే నిజం చెప్పినా పరువు పోదని ముందే తెలుస్తుంది. ఇది మర్యాద కోసం చేసేది కాదు. నిజం తెలియకపోతే డాక్టర్ మోతాదు పెంచుతారు. ఆ రోజు నుంచి రోగి బుద్ధిగా వేసుకోవడం మొదలుపెడితే బీపీ ఒక్కసారిగా పడిపోతుంది.

నొప్పి అన్న ఒక్క మాట చాలదు

"గుండెల్లో నొప్పి వచ్చిందా?" అంటే "లేదండీ" అని తేలిగ్గా అనేసే రోగులున్నారు. వాళ్ళు దాచడం లేదు. వాళ్ళకు కలిగింది నొప్పి కాదు, ఛాతీ మీద బండ పెట్టినంత బరువు. లేదా లోపల్నుంచి ఎవరో బిగించి పట్టుకున్నట్టు. గుండెకు రక్తం చాలనప్పుడు చాలామందికి కలిగేది ఇదే. అందుకే అనుభవమున్న వైద్యులు నొప్పి దగ్గర ఆగిపోరు: "నొప్పి గానీ, బరువు గానీ, బిగుతు గానీ, మంట గానీ, ఛాతీలో ఏ ఇబ్బందైనా ఉందా? నడిస్తే ఎక్కువై, ఆగితే తగ్గుతోందా?"

పోటు, సలుపు, మంట, తీపు, గుంజు, జివ్వుమనడం, మెలిపెట్టడం. తెలుగులో ఇన్ని మాటలుండటం రోగనిర్ధారణకు పెద్ద ఆసరా. నరం నొక్కుకున్న మనిషి "జివ్వున కాలి దాకా లాగింది" అంటాడు. చీము పట్టినచోట "సలుపుతోంది" అంటాడు. పేగు ఇబ్బంది పెడితే "మెలిపెట్టి వదులుతోంది" అంటాడు. వీటన్నిటినీ 'పెయిన్' అని కేస్ షీటులో దింపేస్తే రోగి చేతికందించిన ఆనవాలు అక్కడే పోతుంది.

'కళ్ళు తిరుగుతున్నాయి' అన్నదీ అంతే. గది మొత్తం గిర్రున తిరిగినట్టుంటే లోచెవి మీద అనుమానం. లేవగానే కళ్ళు బైర్లు కమ్మి పడిపోబోతున్నట్టుంటే బీపీ వైపో గుండె వైపో చూడాలి. తల బాగానే ఉండి నడకే తూలుతుంటే నాడీవ్యవస్థ. తిమ్మిరి అన్న మాట ఇంకా మోసం చేస్తుంది. కొందరు స్పర్శ తెలియకపోవడాన్ని తిమ్మిరి అంటారు, కొందరు పట్టు లేకపోవడాన్నీ అదే అంటారు. "గిల్లితే తెలుస్తోందా? గ్లాసు పట్టుకోగలుగుతున్నారా?" అని విడదీసి అడగాల్సిందే. ఇక్కడ మంచి ఎంపిక అంటే డాక్టర్ తన మాటను పక్కన పెట్టి రోగి మాటను తీసుకోవడం, ఆపైన అందులోని పాయలను విడగొట్టడం.

తెలిసినట్టే ఉండి తప్పుదారి పట్టించే పదాలు

పూర్తిగా తెలియని పదం అంత ప్రమాదం కాదు. "అదేంటండీ?" అని అడుగుతారు. తెలిసినట్టు అనిపించే పదంతోనే చిక్కు, దాన్ని ఎవరూ అడగరు.

'క్రానిక్' అంటే వైద్యంలో దీర్ఘకాలంగా ఉన్నది అని అర్థం. వినేవాళ్ళకు ముదిరిపోయిందని వినిపిస్తుంది. 'అక్యూట్' అంటే హఠాత్తుగా వచ్చినది, అదేమో తీవ్రత పేరనుకుంటారు. 'షాక్' అంటే రక్తప్రసరణ కుప్పకూలి అవయవాలకు రక్తం అందకపోవడం, అంటే ప్రాణం మీదికొచ్చిన స్థితి. ఇంట్లోవాళ్ళేమో మనిషి బెదిరిపోయాడనుకుంటారు. 'హార్ట్ ఫెయిల్యూర్' అంటే గుండె పంపింగ్ అవసరానికి చాలకపోవడం. విన్నవాళ్ళకు గుండె ఆగిపోయిందనో, ఆగబోతోందనో తోస్తుంది. ఈ జబ్బుతో మందుల మీద ఏళ్ళ తరబడి బతికేవాళ్ళున్నారు. అందుకే చాలామంది డాక్టర్లు మొదటిసారి చెప్పేటప్పుడు ఆ పేరు చివర్లో వాడతారు: "మీ గుండె కండరం బలహీనపడింది, రక్తాన్ని ముందుకు తోయాల్సినంత బలంగా తోయలేకపోతోంది. అందుకే కాళ్ళవాపు, ఆయాసం. దీన్ని మా భాషలో హార్ట్ ఫెయిల్యూర్ అంటాం, రిపోర్టులో కనబడితే కంగారు పడకండి."

ఐసీయూ బయట వినిపించే 'స్టేబుల్' అన్న మాట గురించి విడిగా చెప్పాలి. డాక్టర్ లెక్కలో స్టేబుల్ అంటే గత కొన్ని గంటల్లో బీపీ, ఆక్సిజన్ అంకెలు మారలేదని మాత్రమే. వెంటిలేటర్ మీద, బీపీ నిలబెట్టే మందుల మీద ఉన్న మనిషి కూడా స్టేబుల్‌గా ఉండొచ్చు. కుటుంబం మాత్రం గండం గడిచిందని వింటుంది, బంధువులకు ఫోన్లు చేసి చెప్పేస్తుంది. తెల్లారేసరికి పరిస్థితి దిగజారితే "నిన్న బాగుందన్నారుగా!" అన్న కోపం వస్తుంది. ఆ కోపంలో న్యాయముంది. "ఇంకా ప్రమాదంలోనే ఉన్నారు. ఈ రోజు మెరుగూ కాలేదు, దిగజారనూ లేదు" అంటే రెండు ముక్కలూ అందుతాయి.

ఒకే అంకె, రెండు నిర్ణయాలు

రిస్కు చెప్పడానికి లెక్క ఒకటే అయినా చెప్పే తీరులు చాలా. ఒక ఊహాత్మక మందు తీసుకుందాం. అది వాడని 100 మందిలో పదేళ్ళలో నలుగురికి గుండెపోటు వస్తుంది. వాడితే ముగ్గురికి వస్తుంది. ఈ ఒక్క వాస్తవాన్ని ఇన్ని రకాలుగా చెప్పొచ్చు:

- గుండెపోటు ముప్పు 25 శాతం తగ్గుతుంది.
- ముప్పు 4 శాతం నుంచి 3 శాతానికి, అంటే ఒక్క శాతం తగ్గుతుంది.
- 100 మంది పదేళ్ళు వాడితే ఒకరికి గుండెపోటు తప్పుతుంది.
- వాడకపోతే 96 మందికి, వాడితే 97 మందికి గుండెపోటు రాదు.

అన్నీ నిజాలే. మొదటిది వింటే మందు వెంటనే కొనుక్కోవాలనిపిస్తుంది, చివరిది వింటే అవసరమా అనిపిస్తుంది. మొదటిదాన్ని సాపేక్ష తగ్గుదల అంటారు, రెండోదాన్ని నికర తగ్గుదల. సాపేక్ష లెక్క ఒక్కటే చెబితే రోగి మోసపోయినట్టే. ఎందుకంటే నాలుగు మూడైనా, నాలుగు వందలు మూడు వందలైనా అది 25 శాతమే.

దీని మూల్యం ఎంతో 1995లో బ్రిటన్ చూసింది. మూడో తరం గర్భనిరోధక మాత్రలతో రక్తం గడ్డకట్టే ముప్పు 'రెట్టింపు' అవుతుందని హెచ్చరిక వెళ్ళింది. అసలు అంకెలు: 7,000 మందిలో ఒకరికి వచ్చేది ఇద్దరికి వస్తుంది. రెట్టింపన్న మాటకు బెదిరి ఎందరో మాత్రలు మానేశారు. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లో అదనంగా సుమారు 13,000 అబార్షన్లు జరిగాయని అంచనా. గర్భం దాల్చినా రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది, అదీ ఆ మాత్రల కంటే ఎక్కువగా. భయపెట్టిన మాట జనాన్ని పెద్ద ముప్పు వైపే తోసింది.

వైద్యులకు ఈ మాయ అంటదని అనుకోవడానికి లేదు. 1982లో మనస్తత్వవేత్త ఆమోస్ ట్వర్‌స్కీ తదితరులు ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఆపరేషనా, రేడియేషనా అని అడిగారు. ఆపరేషన్‌లో మొదటి నెల బతికేవాళ్ళు 90 శాతం అని చెబితే ఎక్కువమంది ఆపరేషన్ ఎంచుకున్నారు. మొదటి నెలలో చనిపోయేవాళ్ళు 10 శాతం అనేసరికి ఆ సంఖ్య పడిపోయింది. జవాబిచ్చినవాళ్ళలో డాక్టర్లూ ఉన్నారు, వాళ్ళూ అలాగే ఒరిగారు.

అందుకని శిక్షణలో మూడు అలవాట్లు నేర్పుతారు. మొదటిది, శాతాలు మాని మనుషుల్ని లెక్కపెట్టడం: "మీలాంటివాళ్ళు 100 మంది ఉంటే..." రెండోది, కింది అంకె మార్చకపోవడం. 25లో ఒకరు, 200లో ఒకరు అని పక్కపక్కన చెబితే 200 పెద్దగా వినిపించి తారుమారవుతుంది. 1,000లో 40 మంది, 1,000లో అయిదుగురు అంటే ఆ గొడవుండదు. మూడోది, రెండు వైపులా చెప్పడం: పదిమందికి వస్తుంది, తొంభై మందికి రాదు. ఎంత కాలంలో అన్నది కూడా చెప్పకపోతే ఏ అంకెకూ అర్థం లేదు.

మనుషుల్ని లెక్కపెట్టడం స్క్రీనింగ్ పరీక్షల దగ్గర మరీ అక్కరకొస్తుంది. 1,000 మందిలో పదిమందికి ఒక జబ్బుందనుకుందాం. పరీక్ష ఆ పదిమందిలో తొమ్మిదిమందిని పట్టుకుంటుంది. జబ్బు లేని 990 మందిలో 9 శాతం మందికి, అంటే 89 మందికి, పొరపాటున పాజిటివ్ చూపిస్తుంది. మొత్తం పాజిటివ్‌లు 98, నిజంగా జబ్బున్నవాళ్ళు తొమ్మిది మంది. పరీక్ష 90 శాతం పట్టుకుంటుందని మాత్రమే చెబితే పాజిటివ్ వచ్చిన మనిషి తనకు జబ్బు 90 శాతం ఖాయమనుకుంటాడు. నిజానికి అలాంటి పదకొండు మందిలో ఒకరికే ఉంటుంది. "ఇలా వచ్చినవాళ్ళలో ఎక్కువమందికి జబ్బుండదు, తేల్చుకోవడానికి ఇంకో పరీక్ష చేద్దాం" అన్న వాక్యం ఓదార్పు కోసం అల్లింది కాదు, లెక్కే అలా ఉంది.

అంకె వాడకుండా 'అరుదుగా', 'సాధారణంగా' అంటే? ఐరోపాలో మందుల కరపత్రాల్లో ఈ మాటలకు కొలతలున్నాయి. 'సాధారణం' అంటే 100 మందిలో ఒకరి నుంచి పదిమంది లోపు, 'అరుదు' అంటే 10,000 మందిలో ఒకరి నుంచి పదిమంది లోపు. జనాన్ని అడిగితే సాధారణం అన్నమాటకు అంతకంటే ఎన్నో రెట్లు ఊహించుకుంటున్నారని పరిశోధనలు చూపాయి. మాట ఉంటే పక్కనే అంకె ఉండాలి.

జబ్బుకు పెట్టే పేరే వైద్యాన్ని మార్చేస్తే

రొమ్ములో పాల నాళాల లోపలే ఉండిపోయి, బయటి కణజాలంలోకి పాకని అసాధారణ కణాలు కొన్నిసార్లు మామోగ్రామ్‌లో, అంటే రొమ్ము ఎక్స్‌రేలో, బయటపడతాయి. 2013లో వచ్చిన అధ్యయనంలో ఈ పరిస్థితిని ఆరోగ్యంగా ఉన్న మహిళలకు మూడు పేర్లతో వివరించి, మీకే వస్తే ఏ వైద్యం కోరుకుంటారని అడిగారు. 'పాకని క్యాన్సర్' అన్నప్పుడు 47 శాతం మంది ఆపరేషన్ కోరారు. 'రొమ్ములో మార్పు' అన్న అర్థం వచ్చే మాట వాడితే 34 శాతం, 'అసాధారణ కణాలు' అంటే 31 శాతం. జబ్బు అదే, ముప్పు అదే.

క్యాన్సర్ అన్న పేరు తీసేయాలనేవాళ్ళ వాదన ఇది: ఆ మాట వినగానే మనిషి ఆలోచించే స్థితిలో ఉండడు, అక్కర్లేని ఆపరేషన్లకు పరుగెడతాడు. వద్దనేవాళ్ళ వాదనా తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. ఆ కణాల్లో కొన్ని తర్వాత పాకే క్యాన్సర్‌గా మారతాయి, ఏవి మారతాయో ముందే చెప్పలేం. పేరు మెత్తబడితే ఏడాదికోసారి రావాల్సిన పరీక్షలకు జనం రావడం మానేస్తారు. మధ్యే మార్గంగా చాలామంది డాక్టర్లు పేరునూ చెబుతారు, దాని హద్దునూ చెబుతారు: "రిపోర్టులో క్యాన్సర్ అన్న మాట ఉంటుంది. ఇది నాళం గోడ దాటలేదు. నిర్ణయం ఈ రోజే తీసుకోవాలన్న తొందర లేదు."

చెబితే హాని, చెప్పకపోతే తప్పు

సూది గుచ్చే ముందు "తేనెటీగ కుట్టినంత నొప్పి ఉంటుంది, ఇదే అన్నిటికంటే కష్టమైన ఘట్టం" అనడం దయే అనిపిస్తుంది. 2010లో 140 మంది గర్భిణులకు వెన్నులో మత్తు ఇచ్చేముందు, ఆ చోటును మొద్దుబార్చే సూది దగ్గర దీన్ని పరీక్షించారు. సగం మందికి ఆ మాటలే చెప్పారు. మిగతావాళ్ళకు "ఈ మందు ఆ చోటును మొద్దుబారుస్తుంది, తర్వాత మీకు ఇబ్బంది ఉండదు" అన్నారు. పదికి నొప్పి ఎంతని అడిగితే మొదటి గుంపులో మధ్యస్థ విలువ 5, రెండో గుంపులో 3. సూది మారలేదు. చెడు జరుగుతుందన్న ఎదురుచూపే చెడును కలిగించడాన్ని నొసీబో ప్రభావం అంటారు.

మందుల దుష్ప్రభావాల దగ్గర ఇది ధర్మసంకటం అవుతుంది. మగవాళ్ళలో ప్రోస్టేట్ గ్రంథి పెరిగినప్పుడు వాడే ఫినాస్టెరైడ్ అన్న మందు మీద 2007లో వచ్చిన అధ్యయనంలో, లైంగిక సమస్యలు రావచ్చని ముందే చెప్పినవాళ్ళలో 43.6 శాతం మందికి, చెప్పనివాళ్ళలో 15.3 శాతం మందికి ఆ సమస్యలు వచ్చాయి. అలాగని దాచేద్దామా? తన ఒంట్లోకి వెళ్ళే మందు ఏం చేస్తుందో తెలుసుకునే హక్కు రోగిది. దాచిన సంగతి తర్వాత తెలిస్తే ఆ డాక్టర్ మాట మీద నమ్మకమే పోతుంది.

ఈ రెండింటి మధ్య దారి సన్నగా ఉంది, కానీ ఉంది. ప్రాణం మీదికి తెచ్చేవి, వెంటనే మందు ఆపాల్సినవి ఎప్పుడూ చెప్పాల్సిందే: "ముఖం ఉబ్బినా, ఆయాసం వచ్చినా మందు ఆపేసి వెంటనే రండి." చిన్నవి, వాటంతటవే పోయేవి రాని వైపు నుంచి చెప్పొచ్చు: "పదిమందిలో తొమ్మిదిమందికి ఏమీ అనిపించదు. ఒకరికి రెండు మూడు రోజులు వికారంగా ఉంటుంది." కొందరు వైద్యులు "చిన్నచిన్న ఇబ్బందులన్నీ చదివి వినిపించమంటారా, ముఖ్యమైనవే చెప్పనా?" అని రోగినే అడగడం మేలంటారు. తనకేది వద్దో తెలియకుండానే వద్దనడం నిజమైన సమ్మతి అవుతుందా అన్నది దాని మీద వచ్చే అభ్యంతరం. అది ఇంకా తేలలేదు.

చేదు వార్త: ముందు అడగడం, తర్వాత చెప్పడం

1961లో అమెరికాలో డాక్టర్లను అడిగితే, క్యాన్సర్ అని రోగికి చెప్పకపోవడమే తమ అలవాటని సుమారు 90 శాతం మంది అన్నారు. 1979లో అలాంటి ప్రశ్నకే 97 శాతం మంది చెప్పడమే మేలన్నారు. రెండు దశాబ్దాలైనా కాకుండానే ఒక వృత్తి నీతి తలకిందులైంది. చికిత్సలు మెరుగయ్యాయి, రోగి హక్కుల గురించి ఆలోచన మారింది. చెప్పాలా వద్దా అన్నది పోయి ఎలా చెప్పాలన్నది మిగిలింది.

2000లో వాల్టర్ బెయిల్, రాబర్ట్ బక్‌మన్ తదితరులు ప్రచురించిన ఆరు మెట్ల పద్ధతి, స్పైక్స్, నేటికీ బోధిస్తున్నారు. చోటు సిద్ధం చేసుకోవడం, రోగికి ఇప్పటికేం తెలుసో కనుక్కోవడం, ఎంత తెలుసుకోవాలనుందో అడగడం, విషయం చెప్పడం, వచ్చే ఉద్వేగానికి స్పందించడం, తర్వాతేమిటో కలిసి నిర్ణయించుకోవడం. ఆరింటిలో మొదటి మూడూ చెప్పడానికి ముందువే.

మూడో మెట్టు ఎందుకో ఒక సందర్భంలో చూడండి. కూతురు ముందుగా వచ్చి "అమ్మకు మాత్రం చెప్పకండి డాక్టర్ గారూ, తట్టుకోలేదు" అంటుంది. కూతురి మాట కాదంటే ఇల్లు ఎదురు తిరుగుతుంది, ఔనంటే రోగి హక్కు పోతుంది. అనుభవమున్న డాక్టర్ ముందు "ఏం జరుగుతుందని భయపడుతున్నారమ్మా?" అని కూతుర్నే అడుగుతారు. తర్వాత ఆమె ఎదుటే తల్లిని: "అమ్మా, రిపోర్టులు వచ్చాయి. కొందరు అన్నీ తమకే చెప్పమంటారు, కొందరు పిల్లలతో మాట్లాడమంటారు. మీకెలా కావాలి?" ఆవిడ "మా అమ్మాయితో చెప్పండి నాయనా" అంటే అది ఆవిడ తీసుకున్న నిర్ణయం. "నాకే చెప్పండి, అనుమానంగానే ఉంది" అంటే దాచడానికి అక్కడేమీ మిగల్లేదని కూతురికీ అర్థమవుతుంది.

చెప్పేముందు ఒక హెచ్చరిక వాక్యం: "రిపోర్టు మనం అనుకున్నంత బాగా రాలేదండి." ఒక్క క్షణం ఆగి, అసలు మాట సూటిగా: "ఇది క్యాన్సర్." ఆ తర్వాత మౌనం. ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. నిశ్శబ్దాన్ని భరించలేక చికిత్స వివరాలు మొదలుపెడతారు. ఆ మాట విన్న మనిషికి తర్వాతి నిమిషాల్లో చెప్పేదేదీ ఎక్కదు. మళ్ళీ మొదలుపెట్టాల్సింది రోగి నోరు విప్పాకే.

మరణవార్తకు నియమం ఇంకా కఠినం. 'మన మధ్య లేరు', 'ప్రయత్నం ఫలించలేదు', 'మమ్మల్ని క్షమించండి' అంటే, నమ్మడానికి ఇష్టపడని మనసు వాటిలో సందు వెతుక్కుంటుంది. "లేరంటే, ఇంకో ఆసుపత్రికి పంపారా?" అని అడిగేదాకా వెళుతుంది. 'చనిపోయారు' అనే చెప్పాలని నేర్పుతారు, నెమ్మదిగా, కూర్చుని.

'ఇక చేయగలిగింది ఏమీ లేదు' అన్నది మర్చిపోవాల్సిన వాక్యం, ఎందుకంటే అబద్ధం. జబ్బును తగ్గించే మందు లేకపోవచ్చు. నొప్పి తగ్గించొచ్చు, ఆయాసం తగ్గించొచ్చు. 'అన్నీ చేయమంటారా?' అన్న ప్రశ్నలో ఇంకో లోపముంది. ప్రేమించిన మనిషి కోసం 'అన్నీ వద్దు' అని ఎవరంటారు? "ఆయన మాట్లాడగలిగితే ఇప్పుడేం కోరుకునేవారు?" అన్న ప్రశ్న బరువును కుటుంబం భుజాల మీంచి దింపి ఆయన ఇష్టం వైపు తిప్పుతుంది.

ఎంత కాలం? ఒక్క అంకె చెబితే అది తుది గడువై కూర్చుంటుంది. మధ్యస్థం 12 నెలలంటే సగం మంది అంతకంటే ముందు పోతారని, సగం మంది దాటి బతుకుతారని మాత్రమే. ముదిరిన క్యాన్సర్లకు వైద్యులు వాడే సుమారు సూత్రం ఉంది: మధ్యస్థంలో నాలుగోవంతు లోపు పోయేవాళ్ళు పదిమందిలో ఒకరు, సగం నుంచి రెట్టింపు మధ్య ఉండేవాళ్ళు సగం మంది, మూడు రెట్లు దాటేవాళ్ళు పదిమందిలో ఒకరు. 12 నెలలకు ఇది ఇలా మారుతుంది: "మీలాంటి పదిమందిలో ఒకరికి మూడు నెలలు కూడా కష్టం కావచ్చు. సగం మంది ఆరు నెలలకూ రెండేళ్ళకూ మధ్య ఉంటారు. ఒకరు మూడేళ్ళు దాటొచ్చు." ఆశకూ ఏర్పాట్లకూ రెండింటికీ చోటుంటుంది.

సలహా ఇవ్వాలా, ఎంపిక వదిలేయాలా?

2013లో పిల్లల టీకాల సంభాషణల మీద ఒక అధ్యయనం వచ్చింది. "ఈ రోజు ఈ టీకాలు వేయాలి" అని డాక్టర్ మొదలుపెడితే 26 శాతం మంది తల్లిదండ్రులు వెనకాడారు. "టీకాల గురించి ఏమనుకుంటున్నారు?" అని మొదలుపెడితే 83 శాతం మంది. మొదటి పద్ధతి ఒత్తిడేనని కొందరి విమర్శ. మేలు స్పష్టంగా తేలినచోట తటస్థంగా నిలబడటం కూడా తప్పుడు సంకేతమేనని మరికొందరి జవాబు. నిర్ణయం ఏ రకానిదన్నదాన్ని బట్టి ఇది తేలుతుందని మా అభిప్రాయం. సరైన దారి ఒక్కటే ఉన్నచోట డాక్టర్ తేల్చి చెప్పాలి. రెండు దారులూ సమంజసమై, ఏది మేలన్నది రోగి జీవితాన్ని బట్టి ఉన్నచోట ముందు ఆ జీవితం గురించి అడగాలి.

చట్టమూ అటే జరిగింది. 2015లో బ్రిటన్ సుప్రీంకోర్టు విన్న ఒక కేసులో షుగర్ ఉన్న గర్భిణికి కాన్పులో శిశువు భుజం ఇరుక్కునే ముప్పు 9 నుంచి 10 శాతం ఉన్నా డాక్టర్ చెప్పలేదు. చెబితే ఆమె సిజేరియన్ అడుగుతుందన్నదే చెప్పకపోవడానికి కారణం. తోటి డాక్టర్లు ఏం చెబుతారన్నది కొలబద్ద కాదని, ఆ స్థానంలో ఉన్న మనిషికి ఏది ముఖ్యమో అది చెప్పాలని కోర్టు తీర్పునిచ్చింది.

చివరి రెండు నిమిషాలు: అర్థమైందా అని అడగకండి

విన్న వైద్య సమాచారంలో 40 నుంచి 80 శాతం రోగులు వెంటనే మర్చిపోతారని, గుర్తున్నదాంట్లోనూ దాదాపు సగం తప్పుగా గుర్తుంటుందని పరిశోధనల మీద 2003లో వచ్చిన సమీక్ష చెప్పింది. "అర్థమైందా?" అంటే జవాబు "అయిందండీ". అది మర్యాద. అందుకే తిరిగి చెప్పించుకునే పద్ధతి వచ్చింది. అదీ పరీక్షలా ఉండకూడదు, బాధ్యత డాక్టర్ మీద వేసుకోవాలి: "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలి. ఇంటికెళ్ళాక ఈ మందుల గురించి మీవాళ్ళకు ఎలా చెబుతారు?" రోగి తడబడితే అవే మాటలు గట్టిగా మళ్ళీ అనడం కాదు, వేరే మాటలతో చెప్పడం. ఒక్కసారికి రెండు మూడు విషయాలకు మించకుండా.

నోటితో అప్పజెప్పినా చాలదు. 'రెండు మాత్రలు రోజుకు రెండుసార్లు' అన్న సూచనను చదవడం అంతగా రాని రోగుల చేత 2006లో చదివించారు. 71 శాతం మంది సరిగ్గా చెప్పారు. రోజుకు ఎన్ని వేసుకోవాలో మాత్రలు లెక్కపెట్టి చూపించమంటే సరిగ్గా చూపినవాళ్ళు 35 శాతమే. అదే సూచనను 'ఉదయం 2, రాత్రి 2' అని రాసి, మాత్రల పట్టీ రోగి చేతికిచ్చి "రేపటికి ఎన్ని కావాలో తీసి చూపించండి" అంటే అర నిమిషం పడుతుంది. బల్ల మీద నాలుగు పడ్డాయా, రెండే పడ్డాయా అన్నది అప్పుడు ఇద్దరికీ కనబడుతుంది.